నాణెంతోపాటు ఒక చీటీ

మీరు హైదర్‌గూడలో ఉంటున్నారనుకోండి. వేసవి సెలవుల్లో ఒకనాడు ఇల్లు సర్దుతుంటే అమ్మమ్మగారి ట్రంకుపెట్టె అడుగున చిన్న గుడ్డమూట దొరికింది. విప్పి చూస్తే ఒక వెండి నాణెం! ఒకవైపు చార్మినారు బొమ్మ, దాని చుట్టూ మీకు చదవరాని లిపి. రెండోవైపు కూడా అదే లిపి.

“దీన్నేం చేద్దాం?” అని అడగ్గానే ఇంట్లో తలా ఒక సలహా చెప్తారు. “వెండికొట్లో ఇచ్చేస్తే సరి, తూకానికి డబ్బులిస్తారు” అంటుంది అత్తయ్య. “పాత నాణేలకు లక్షలిస్తారట, ఫోనులో చూశాను” అంటాడు అన్నయ్య. “తొందరపడకండర్రా, ముందు తెలిసినవాళ్ళకు చూపించండి” అంటాడు తాతయ్య.

తాతయ్య చెప్పిన ఆ “తెలిసినవాళ్ళు” ఎవరు? నాణేల వర్తకులు. పాత నాణేలు కొని, వాటిని సేకరించే అభిరుచి ఉన్నవాళ్ళకు అమ్మడం వాళ్ళ వృత్తి. వెండికొట్టు యజమాని చూడనిది నాణెంలో వాళ్ళేం చూస్తారు? వాళ్ళ పనిలో సైన్సు ఎంత? ఊహ ఎంత? అసలు వాళ్ళ వల్ల మనకు మేలా, కీడా? ఆ నాణెం చేతపట్టుకునే ఈ సంగతులు తెలుసుకుందాం.

షరాబు నుంచి వర్తకుడి దాకా

పూర్వం నాణేలను పరీక్షించి, మారకం చేసిపెట్టే వృత్తివాళ్ళుండేవారు. వాళ్ళను అరబ్బీలో “సర్రాఫ్” అనేవారు. మన “షరాబు” ఆ మాట నుంచే వచ్చింది. అక్బరు టంకసాలలో నాణేల మేలిమిని పరీక్షించే “సైరఫీ” అనే ఉద్యోగి ఉండేవాడని అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీ చెబుతుంది.

ఆ రోజుల్లో షరాబు లేనిదే వ్యాపారం సాగేది కాదు. ఎందుకంటే రూపాయి విలువ దానిలోని వెండిని బట్టి ఉండేది. చేతులు మారినకొద్దీ నాణెం అరిగి తూకం తగ్గేది. షరాబు దాన్ని తూచి, మోగించి చూసి, విలువలో కొంత కోత పెట్టేవాడు. ఆ కోతను “బట్టా” అనేవారు.

మన హైదరాబాదులోనైతే రెండు రకాల రూపాయలు చెలామణీ అయ్యేవి. నిజాం ప్రభుత్వం వేసినది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయి కల్దార్. ఏడు హాలీ సిక్కాలు ఆరు కల్దార్లకు సమానం. మద్రాసు నుంచి వచ్చిన ప్రయాణికుడు నాంపల్లి స్టేషనులో దిగితే మొదట లెక్క చూసుకోవలసింది మారకమే! హాలీ సిక్కాను 1959లో చెలామణీ నుంచి పూర్తిగా తొలగించారు.

చెలామణీ పోయింది కాని నాణేలు పోలేదు. ట్రంకుపెట్టెల్లో, గల్లాపెట్టెల్లో, దేవుడి గూళ్ళలో మిగిలాయి. జుమ్మెరాత్ బజారులో, చార్మినార్ పరిసరాల్లో పాత సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వాటిని వెతికి, ఏరి, వేరుచేసి, కావలసినవారికి అందించేవాడే నేటి నాణేల వర్తకుడు. షరాబు నాణెంలో ఎంత వెండి ఉందో చెప్పేవాడు. ఇతడు నాణెం ఏదో కూడా చెప్పాలి.

నాణెం చదవడం

మీ నాణేన్ని వర్తకుడు ఎలా పట్టుకుంటాడో చూడండి. ముఖాలను తాకడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు మాత్రమే పట్టుకుంటాడు. వేళ్ళ మీది చెమటలో ఉప్పూ ఆమ్లాలూ ఉంటాయి. అవి లోహం మీద చెరగని మచ్చలు వేస్తాయి.

భూతద్దంతో చార్మినారు బొమ్మ మధ్యనున్న కమాను వైపు చూస్తాడు. అక్కడ ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది “మీమ్” అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెం. “ఐన్” అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. మీ నాణెం మీద ఉన్నది “ఐన్”. రెండోవైపు నాణెం విలువ, “ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్” అని టంకసాల పేరు ఉంటాయి. శుభమైన పునాది గల హైదరాబాదు అని దాని అర్థం.

ఇక సంవత్సరం. దాని మీద 1330 అని ఉంది. అంటే కాకతీయుల తరవాతి కాలమని గంతులు వేయకండి! అది హిజరీ సంవత్సరం. హిజరీ సంవత్సరం చంద్రుడి గమనాన్ని అనుసరిస్తుంది కనుక మనం వాడే సంవత్సరం కంటె సుమారు 11 రోజులు చిన్నది. అందుచేత హిజరీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1330ని 0.97తో గుణిస్తే 1290. దానికి 622 కలిపితే 1912. మీ నాణెం వయస్సు నూరేళ్ళు దాటింది.

ఈ పని మీరు జేబులోని చిల్లరతోనే మొదలుపెట్టవచ్చు. నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకసాలలో తయారైనట్టు. వజ్రం ఆకారం ముంబైది. చుక్క నోయిడాది. నోయిడా టంకసాలలో తయారీ 1988లో మొదలైంది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. సైఫాబాదు టంకసాల 1903లో పని ప్రారంభించింది. 1997లో తయారీని చర్లపల్లికి మార్చారు. సైఫాబాదు భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు.

అసలా, నకిలీయా?

నాణెం ఏదో తెలిసింది. అది నిజమైనదేనా? వర్తకుడు మాట మీద నిలబడవలసింది ఇక్కడే.

మొదటి పరీక్ష తూకం. ఉస్మానియా వెండి రూపాయి తూకం 11.18 గ్రాములు. అందులో నూటికి 81.8 వంతులు వెండి. అరుగుదల వల్ల తూకం కొంచెం తగ్గవచ్చు. ఎక్కువ ఉంటే మాత్రం అనుమానించాలి.

రెండవది మోత. వెనకటి పెద్దలు రూపాయిని రాతి మీద వేసి వినేవారు. వెండి రూపాయి ఖంగుమని మోగుతుంది. సీసం కలిపి పోతపోసినది తప్పుమంటుంది. గట్టి లోహంలో కంపనాలు ఎక్కువసేపు నిలుస్తాయి. మెత్తని సీసం వాటిని వెంటనే మింగేస్తుంది. అయితే సేకరించే నాణేన్ని రాతి మీద వేయకూడదు సుమా! వేలికొన మీద నిలిపి మరో నాణెంతో మెల్లగా తాకిస్తే చాలు.

మూడవది అయస్కాంతం. వెండి, రాగి అయస్కాంతానికి అంటుకోవు. ఇనుముతో చేసి పైన పూత వేసిన నకిలీ టక్కున అంటుకుంటుంది. కాని 1947 నాటి రూపాయి నికెలుతో చేసినది. అది అసలైనదైనా అంటుకుంటుంది! కనుక ఏ నాణెం ఏ లోహంతో చేసినదో తెలియకుండా అయస్కాంతం పట్టుకుంటే ఉపయోగం లేదు.

నాలుగవది రెండు వేల ఏళ్ళకు పైబడినది, ఆర్కిమెడిస్ సూత్రం. బంగారుపనివారు వాడే చిన్న ఎలెక్ట్రానిక్ త్రాసు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెను సున్నాకు తెండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, పూర్తిగా మునిగేట్టు, అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీయండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపితే నాణెం ఘనపరిమాణం అన్ని ఘనపు సెంటీమీటర్లు. నాణెం తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఉస్మానియా రూపాయికి త్రాసు 1.10 దగ్గర చూపాలి. అప్పుడు సాంద్రత సుమారు 10.2. అంతే తూకంలో రాగి, నికెలు కలిపి నకిలీ చేస్తే త్రాసు 1.25 చూపుతుంది. దాని సాంద్రత 8.9 మాత్రమే. పైన వెండి పూత ఎంత తళతళలాడినా నీళ్ళను మోసగించలేదు.

ఇదీ పూర్తిగా తిరుగులేనిది కాదు. సీసం సాంద్రత 11.3, తగరం సాంద్రత 7.3. ఈ రెంటినీ తగు పాళ్ళలో కలిపితే వెండి సాంద్రతే వస్తుంది! కాని ఆ మిశ్రమం మోగదు. ఒక పరీక్షకు దొరకని దొంగ మరో పరీక్షకు దొరుకుతాడు. అందుకే మంచి వర్తకుడు ఒక్క పరీక్షతో తృప్తిపడడు. అచ్చు పోసిన నాణెం మీద సన్నని గాలిబుడగల గుంటలు, అంచున అతుకు గీత కనిపిస్తాయి. ముద్ర కొట్టి చేసిన నాణెం మీద అవి ఉండవు. వాటినీ భూతద్దంతో చూస్తాడు.

వెల ఎక్కడి నుంచి వస్తుంది?

వెండికొట్లో మీ నాణేనికి సుమారు 9 గ్రాముల వెండి ధర ఇస్తారు. తరవాత అది మూసలో కరిగిపోతుంది. నాణేల వర్తకుడి లెక్క వేరు. ఎన్ని మిగిలాయి? ఎంతమంది కావాలంటున్నారు? ఎంత చెక్కుచెదరకుండా ఉంది? ఈ మూడూ చూసి వెల కడతాడు.

పాతది కనుక ఖరీదైనదనుకోవడం పొరపాటు. 1,600 ఏళ్ళ నాటి రోమను కంచు నాణేలు లక్షల సంఖ్యలో దొరికాయి కనుక విదేశాల్లో కొన్నింటిని కొద్ది వందల రూపాయలకే అమ్ముతారు. మరోపక్క నిన్నగాక మొన్నటి నాణెమైనా ఆ ఏడాది ఆ టంకసాల నుంచి కొద్దిగానే వచ్చి ఉంటే సేకర్తలు దానికోసం తిరుగుతారు.

నాణెం స్థితిని అంకెల్లో చెప్పడానికి అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ఒక కొలమానం తయారుచేశాడు. ఏ నాణెమో అతికష్టం మీద గుర్తుపట్టగలిగేంత అరిగినదానికి 1, ఏ లోపమూ లేనిదానికి 70. ఆ దేశపు పాత రాగి సెంట్ల కోసం పుట్టిన ఈ కొలమానం ఇప్పుడు చాలా దేశాలలో వాడుకలో ఉంది.

ఈ స్థితిని చేజేతులా పాడుచేసేది మనమే. ఇంట్లో రాగిచెంబు తోమినట్టు నాణేన్ని చింతపండుతో తోముతాం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పైపొరను కరిగిస్తుంది. దానితో సన్నని గీతలు, అక్షరాల అంచులు కూడా పోతాయి. వందేళ్ళుగా ఏర్పడిన ఆ పొరే కింది లోహాన్ని కాపాడుతున్నది! తోమిన నాణేన్ని వర్తకుడు ఒక్క చూపులో పసిగడతాడు. వెంటనే వెల తగ్గిస్తాడు.

మరి వర్తకుడు వందకు అమ్మేదాన్ని మన దగ్గర అరవైకే కొంటే అది మోసమా? తప్పకుండా మోసమని చెప్పలేం. కొన్న నాణెం ఏళ్ళతరబడి దుకాణంలోనే ఉండిపోవచ్చు. నకిలీ అని తేలితే నష్టం అతడిదే. వంద నాణేల కుప్పలో తొంభై ఎవరికీ అక్కరలేనివి కావచ్చు. ఫలానా సేకర్తకు ఫలానా సంవత్సరం నాణెం కావాలని రాసుకుని, అది దొరికేదాకా వెతికిపెట్టే శ్రమ కూడా ఆ నలభైలో ఉంది. అయితే నిజాయితీపరుడు నాణెం పేరు, తూకం, తేదీ వేసి బిల్లు ఇస్తాడు. నకిలీ అని తేలితే తిరిగి తీసుకుంటానని అందులో రాస్తాడు. బిల్లు ఇవ్వనంటే ఆ దుకాణం మెట్లు దిగి వచ్చేయండి.

లక్షల మాట

ఇప్పుడు అన్నయ్య మాటకు వద్దాం. పాత నాణేలకు లక్షలిస్తామనే ప్రకటనల వెనక తరచు ఒకే ఎత్తు ఉంటుంది. ముందు పన్ను కట్టండి, రుసుము కట్టండి అంటారు. కట్టాక మాయమవుతారు. తమ పేరు వాడుకుని ఇలా డబ్బు గుంజుతున్నారనీ, తమకు ఈ క్రయవిక్రయాలతో సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

ఇంకో ఎత్తు “రైస్ పుల్లింగ్”. రాగి నాణెమో చెంబో చూపించి, బియ్యపు గింజలను లాగుతుంది కనుక దానికి కోట్ల విలువ అంటారు. బియ్యాన్ని లాగే నాణెం ప్రపంచంలో లేదు. గింజల్లో ఇనుపరజను దాచి, నాణెంలో అయస్కాంతం దాచి చేసే గారడీ అది. ఇలాంటివాళ్ళు తరచు చూపేది, ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిందంటూ శ్రీరాముడి బొమ్మ ఉన్న అణా. కంపెనీ అలాంటి అణా ఎన్నడూ వేయలేదు.

అలాగని కంపెనీ నాణెం మీద దేవుడి బొమ్మ ఉంటే నకిలీ అనకండి. మద్రాసులో కంపెనీవాళ్ళు వేంకటేశ్వరస్వామి, ఇద్దరు దేవేరుల బొమ్మలతో బంగారు వరహాలు వేశారు. వాటిని “మూడు స్వాముల వరహాలు” అనేవారు. ఏది నిజమో ఏది కట్టుకథో పుస్తకం తెరిచి చూపించగలవాడే తెలిసిన వర్తకుడు.

ఎక్కడ దొరికింది?

ఇంతవరకు చెప్పినవన్నీ నాణేన్ని చూసి తెలుసుకోగలిగినవి. ఎంత గొప్ప వర్తకుడైనా నాణేన్ని చూసి చెప్పలేని సంగతి ఒకటుంది. అది ఎక్కడ, దేనితో కలిసి దొరికింది అన్నది. అది ఎవరైనా రాసిపెడితేనే తెలుస్తుంది.

1906లో నాసిక్ దగ్గర జోగల్‌థంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలున్న నిధి బయటపడింది. అవి క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మళ్ళీ కొట్టించాడు. ఓడించిన రాజు డబ్బును తన డబ్బుగా మార్చుకుంటున్నాడన్నమాట! ఒకే చోట, ఒకే కుండలో, ఇన్నిటికి ఇన్ని అని లెక్కపెట్టారు కనుకనే ఈ కథ తెలిసింది. ఆ నిధిని పంచుకుని, మంచివి పది ఊళ్ళ దుకాణాలకు అమ్మి, అరిగినవి కరిగించి ఉంటే? నాణేలు మిగిలేవి, లెక్క పోయేది.

మన దగ్గరి కథ ఇంకా ముచ్చటైనది. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. అక్కడ మట్టి కోసుకుపోయినప్పుడల్లా పాత నాణేలు పైకి తేలేవి. పక్క ఊళ్ళో పనిచేసే ఒక పోస్టుమాస్టరు వాటిని ఓపికగా ఏరి దాచాడు. అమ్ముకోలేదు. కోటిలింగాలలో దొరికినవని చెప్పి పురావస్తు పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి అందేట్టు చేశాడు. 1970లలో శాస్త్రిగారు వాటిని చదివి లోకానికి తెలియజేశారు. తరవాత పురావస్తుశాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు.

ఆ నాణేల మీద గోభద్ర, నారన, సమగోప వంటి పేర్లున్నాయి. పురాణాల రాజవంశావళుల్లో ఈ పేర్లు లేవు. మరికొన్నింటి మీద “చిముక” అని ఉంది. పురాణాలు సిముకుడని చెప్పిన శాతవాహన మూలపురుషుడు ఇతడేనని పండితులు గుర్తించారు. తెలంగాణ గడ్డ మీద తొలి శాతవాహనుల ఉనికిని చెప్పడానికి ఆ చిన్న నాణేలు సాక్ష్యమయ్యాయి. ఊరి పేరు లేకుండా అవే నాణేలు ఏ మహానగరపు దుకాణంలోనో అద్దాల కింద ఉంటే “పాత నాణెం, దక్కను” అన్న చీటీతో అమ్ముడుపోయేవి.

వర్తకుడి వల్ల మేలూ ఉంది, కీడూ ఉంది అని ఇందుకే అనవలసి వస్తుంది. మూసలో కరగవలసిన నాణేన్ని అతడు కాపాడతాడు. “ఎక్కడిది?” అని అడిగి, చెప్పినది రాసిపెడితే చరిత్రకు సాయం చేసినవాడవుతాడు. అడగకుండా కొంటే, నిధులు తవ్వి చెదరగొట్టేవాళ్ళకు సాయం చేసినవాడవుతాడు. సేకర్త కూడా అంతే. చీటీ అడిగే సేకర్తలు ఉంటేనే చీటీ రాసే వర్తకులు ఉంటారు.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలైన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువకాని నాణెం పురావస్తువు. అలాంటివి వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. సొంతంగా ఎవరూ వాటిని విదేశాలకు పంపకూడదు. 1912 నాటి మీ హాలీ సిక్కా కూడా ఈ లెక్కలోకి వచ్చేసింది!

ఇప్పుడు మీ వంతు

దుకాణానికి బయలుదేరే ముందు ఒక చీటీ రాయండి. నాణెం పేరు, హిజరీ సంవత్సరం, క్రీస్తు శకం, తూకం, నీటిలో చూపిన అంకె రాయండి. తరవాత అమ్మమ్మగారి దగ్గర కూచుని అడగండి. ఈ నాణెం ఎవరిచ్చారు? ఏ ఊళ్ళో? ఎందుకు దాచావు? పెళ్ళిలో చదివించినదా? తాతయ్య మొదటి జీతంలోనిదా? ఆమె చెప్పినది చెప్పినట్టే రాసి, కింద తేదీ వేయండి. ఏ వర్తకుడూ అమ్మలేని సమాచారం అది. ఆమె తరవాత చెప్పేవారు ఉండరు.

నాణేన్ని మెత్తని పీవీసీ ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. కాలం గడిచినకొద్దీ ఆ ప్లాస్టిక్ నుంచి వెలువడే పదార్థాలు లోహాన్ని పచ్చగా జిగటగా చేస్తాయి. పొడి కాగితపు కవరు మేలు. ఎప్పుడైనా శాతవాహనుల సీసపు నాణెం చూసే భాగ్యం కలిగితే, దాన్ని చెక్కపెట్టెలో దాచకూడదని గుర్తుంచుకోండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మార్చేస్తుంది.

ఒక ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళే ఏర్పాటు చేసుకోండి. హైదర్‌గూడ నుంచి ఎంతో దూరం కాదు. అక్కడ ప్రతి వస్తువు పక్కనా ఉన్న చీటీని కూడా చదవండి. ఎన్నింటి మీద ఊరి పేరు ఉందో, ఎన్నింటి మీద లేదో లెక్కపెట్టండి. ఆ తరవాత తాతయ్యను వెంటబెట్టుకుని నాణేల వర్తకుడి దగ్గరికి వెళ్ళండి. మీ చేతిలో నాణెం, దానితోపాటు చీటీ చూసి అతడేమంటాడో వినండి. మంచి వర్తకుడైతే ముందు చీటీ చదువుతాడు.